ముక్కునకు గుడ్డ: హార్బిన్ నుండి మన వీధి వరకు

1911 జనవరి మొదటి వారమున ఉత్తర మంచూరియాలోని హార్బిన్ నగరములో ఒక ఫ్రెంచి వైద్యుడు రష్యనుల ఆస్పత్రికి వెళ్ళి నలుగురు ప్లేగు రోగులను పరీక్షించెను. ఒంటికి తెల్లని అంగీ తొడిగికొనెను. తలకు టోపీ, చేతులకు రబ్బరు తొడుగులు ధరించెను. ముక్కును నోటిని మాత్రము కప్పుకొనలేదు. అవసరము లేదని ఆయన నమ్మకము. ఆయన పేరు మెస్నీ. టీన్‌ట్సిన్ నగరములోని వైద్యకళాశాలలో ఆచార్యుడు. ప్లేగును అంతకు పూర్వమే దగ్గర నుండి చూచిన అనుభవశాలి. ఆ ఆస్పత్రి గడప దాటి వచ్చిన ఆరు దినములకు, జనవరి 11వ తేదీన, ఆయన అదే రోగముతో మరణించెను.

మూరెడు గుడ్డ ఆయనను బ్రతికించియుండెడిదా? బ్రతికించియుండెడిదనియే నాటి హార్బిన్ ప్రజలు నమ్మిరి. మరునాటి నుండి వీధిలో ముఖమునకు గుడ్డ లేనివాడు అరుదయ్యెను. ఆ నమ్మకము ఎంతవరకు నిజమను విచారము నాడు మొదలై నేటికిని ముగియలేదు. 2020లో అది మన వీధి అరుగుల మీదికి వచ్చి కూర్చుండెను. అంతవరకు ఆస్పత్రి మాటగా నుండిన 'మాస్కు' ఆ యేడు తెలుగుమాటయే అయిపోయెను. అది పనిచేయునని కొందరు, చేయదని కొందరు వాదించుకొనిరి. ఇరువురును శాస్త్రమునే సాక్ష్యముగా చూపిరి. ఈ వాదము తెగకపోవుటకు ఒక కారణము కలదని మాకు తోచుచున్నది. గుడ్డ శ్వాసలోని క్రిమిని ఆపునా అనునది ఒక ప్రశ్న. గుడ్డ కట్టుకొనుడని ఊరి వారందరికి చెప్పినచో ఊరిలో వ్యాధి తగ్గునా అనునది మరియొక ప్రశ్న. నూరేండ్లకు పైగా ఒకదానికి వచ్చిన జవాబును రెండవదానికి అంటగట్టుచు వచ్చితిమి.

ముక్కు నోరు కప్పుకొనుట మన దేశమునకు క్రొత్త కాదు. జైన సాధువులలో కొన్ని శాఖల వారు నోటికి అడ్డముగా తెల్లని గుడ్డ ధరింతురు. తమ ఊపిరి తగిలి గాలిలోని సూక్ష్మజీవులకు హింస కలుగరాదని వారి ఉద్దేశము. పార్సీ పురోహితులు పవిత్రాగ్ని యెదుట నిలుచునపుడు, శ్వాస సోకి అగ్ని మైలపడరాదని నోరు కప్పుకొందురు. ఈ రెండు ఆచారములలోను గుడ్డ కట్టుకొన్నవాడు తన్ను తాను కాపాడుకొనుటకు కట్టుకొనలేదు. ఎదుటనున్న దానిని కాపాడుటకే కట్టుకొనెను. ఐరోపా శస్త్రవైద్యుల గుడ్డయు మొదట ఇట్టిదే. 1897లో బ్రెస్లావ్ నగరమున కార్ల్ ఫ్లూగె అను శాస్త్రజ్ఞుడు, మాటలాడునపుడు కంటికి కనబడని తుంపరలు నోటి నుండి వెలువడుననియు, వానితో క్రిములును బయటికి వచ్చుననియు ప్రయోగములు చేసి చూపెను. ఆ నగరముననే మికులిచ్ అను శస్త్రవైద్యుడు గాయములకు కట్టు గాజుగుడ్డను ముఖమునకు కట్టుకొని శస్త్రచికిత్సలు చేయనారంభించెను. వైద్యుని నోటి నుండి రోగి గాయమును కాపాడుటయే దాని పని.

ఆ గుడ్డను వెనుకకు త్రిప్పి, రోగి ఊపిరి నుండి వైద్యుని కాపాడుటకు పెద్దయెత్తున వాడించినవాడు వూ లియెన్ తె. ఆయన 1879లో మలయా తీరమున పెనాంగులో జన్మించిన చైనా సంతతివాడు. విద్యార్థి వేతనము సంపాదించి కేంబ్రిడ్జిలో వైద్యము చదివెను. 1910 డిసెంబరు 24వ తేదీన, ముప్పదియొక్కటవ యేట, చైనా ప్రభుత్వపు పంపున ఆయన హార్బిన్‌లో రైలు దిగెను. చలి సున్నకు 20 డిగ్రీలకు దిగువన నుండెను. నగరము ప్రక్కనున్న ఫుజియాడియన్ అను చైనీయుల బస్తీలో జనులు రక్తము కక్కి రెండు మూడు దినములలో చనిపోవుచుండిరి. వ్యాధి సోకిన వారిలో బ్రతికి బట్టకట్టిన వాడు లేడనియే చెప్పవలెను. మంచూరియా మైదానములలో టార్బగాన్ అను ఉడుత జాతి జంతువు కలదు. దాని చర్మమునకు గిరాకి పెరుగుటచే అనుభవము లేని వేటగాండ్రు వేలుగా బయలుదేరిరి. జబ్బుపడిన జంతువులను గూడ పట్టి చర్మము లొలిచిరి. సత్రములలో ఒకరి ప్రక్క ఒకరు ఒదిగి పండుకొనిరి. పిమ్మట రైలెక్కి ఇండ్లకు మరలిరి. వ్యాధియు వారితో రైలెక్కెను.

నాటి శాస్త్రమునకు ప్లేగు అనగా ఎలుక. 1896లో బొంబాయి ప్లేగు వచ్చిన నాటి నుండి ఎలుకలు రాలుట, గోమారి కుట్టుట, గజ్జలలో బిళ్ళ కట్టుట అను వరుస మన దేశమున పామరులకు గూడ తెలిసినదే. అందుచేత మంచూరియాలోను వైద్యులు ఎలుకలను పట్టి కోసి చూచిరి. వానిలో ప్లేగు కనబడలేదు. డిసెంబరు 27వ తేదీన వూ, చనిపోయిన ఒక జపాను స్త్రీ శవమును కోసి పరీక్షించెను. చైనాలో శవమును కోయుట నాడు ఘోరమైన అపచారము గనుక ఆ పని గుట్టుగా జరిగెను. ఊపిరితిత్తుల నిండ ప్లేగు క్రిములు! ఎలుకతోను గోమారితోను నిమిత్తము లేకుండ ఈ రోగము మనుష్యుని ఊపిరి నుండి మనుష్యుని ఊపిరిలోనికి పోవుచున్నదని ఆయన నిశ్చయించెను. నిశ్చయించి ఊరకుండలేదు. గాజుగుడ్డను రెండు మడతలు పెట్టి, నడుమ ఆరంగుళముల పొడవు నాలుగంగుళముల వెడల్పు గల దూదిపలకను ఉంచి, కొసలను చీల్చి తలవెనుక ముడివేయునట్లు ఒక సాధనమును తయారుచేయించెను. ఎవడైనను చేసికొనదగినది, కొద్ది కాసులతో పోవునది.

మెస్నీ అప్పుడు వచ్చెను. వూ తనకంటె వయసున చిన్నవాడు, పైగా చైనీయుడు. అట్టివాని క్రింద పనిచేయుటకు ఆయన మనసొప్పలేదు. వూ తన అభిప్రాయమును చెప్పబోగా ఆయన మండిపడి జాతిని పేర్కొని దూషించెనట. ఈ కలహమును మనకు చెప్పినవాడు వూ ఒక్కడే. 1959లో ప్రచురించిన తన ఆత్మకథలో చెప్పెను. మెస్నీ తన వైపు చెప్పుకొనుటకు మిగులలేదు. చరిత్ర చదువునపుడు ఈ సంగతి మరువరాదు. కాని ఆయన ముఖము కప్పుకొనకుండ రోగుల కడకు పోయెననుటలోను, ఆరు దినములలో చనిపోయెననుటలోను సందేహము లేదు.

ఆయన మరణముతో అధికారులు మేల్కొనిరి. ఫుజియాడియన్ బస్తీని నాలుగు భాగములుగా విభజించి, ఒక భాగమువారు మరియొక భాగమునకు పోకుండ సైనికులను కాపుంచిరి. ఇల్లిల్లు వెదకి రోగులను వేరుచేసిరి. వారిని తాకినవారిని ఉంచుటకు రష్యను రైల్వే వారు సామానుపెట్టెలను ఎరువిచ్చిరి. అన్నిటికంటె కష్టమైన పని శ్మశానమునందు మిగిలియుండెను. నేల గడ్డకట్టి గునపము దిగకపోవుటచే రెండువేలకు పైగా శవములు పూడ్చకయే పడియుండెను. పితృభక్తి గల ఆ జాతికి దహనము మహాపాపము. వూ చక్రవర్తి ప్రభుత్వము నుండి అనుమతి తెప్పించి, చైనీయుల సంవత్సరాది మరునాడు, జనవరి 31న వానిని దహింపజేసెను. మార్చి 1వ తేదీతో హార్బిన్‌లో రోగము ఆగెను. అప్పటికి మంచూరియా అంతట ఇంచుమించు 60,000 మంది చనిపోయిరి.

ఇందు గుడ్డ వంతు ఎంత? కాపలా, రైలు నిరోధము, రోగులను వేరుచేయుట, దహనము, మాస్కు అన్నియు ఒక్కసారి జరిగెను. ఏ ఒక్కదానికో కీర్తి నంటగట్టుట చరిత్రకు అన్యాయము. కాని కీర్తి మాత్రము మాస్కునకే దక్కెను. ఏప్రిల్ మాసమున ముక్డెన్ నగరములో పదునొకండు దేశముల శాస్త్రజ్ఞులు సభ తీర్చిరి. వూ దానికి అధ్యక్షుడు. ఆయన గుడ్డ ఫొటోలతో సహ దేశదేశముల పత్రికల కెక్కెను. ఒక్క సంగతి చెప్పి ముందునకు పోవుదము. ప్లేగు క్రిమి బాక్టీరియా జాతిది, వైరస్ కాదు. వైరస్ దానికంటె ఎన్నోమడుగులు చిన్నది. మంచూరియాలో నేర్చిన పాఠము ఆ చిన్నదానికి అన్వయించునా?

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినపుడు ఈ ప్రశ్న అడిగినవారు లేరు. అది వైరస్ అని యెవరికిని తెలియకపోవుటయే దానికి కారణము. మానవులలోని ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను లండనులో కనుగొన్నది 1933లో. అయినను అమెరికా పశ్చిమతీరమున సాన్ ఫ్రాన్సిస్కో నగరము అక్టోబరు చివరి వారమున చట్టము చేసి, బహిరంగ స్థలములందు అందరును గాజుగుడ్డ కట్టుకొనవలెనని శాసించెను. లేనిచో 5 మొదలు 100 డాలర్ల జరిమానా, లేదా పది దినముల వరకు చెరసాల. జనులు మొదట ఉత్సాహముతో లోబడిరి. కాని ఎట్టి గుడ్డలు! వెడల్పు నేతవి, పొర తక్కువవి. పొగత్రాగుటకు నడుమ రంధ్రము చేసికొన్నవారును కలరు. నగరాధ్యక్షుడు రాల్ఫ్ గారు గుడ్డ లేకుండ ముష్టియుద్ధము చూచుచు ఫొటోలో పట్టుబడి 50 డాలర్లు చెల్లించుకొనెను. ఇది ఏ దేశమునకైన పరిచితమైన దృశ్యమే.

నవంబరులో వ్యాధి తగ్గెను. మాస్కుయే కారణమని నగరమంతయు నమ్మెను. 21వ తేదీ మధ్యాహ్నము పండ్రెండు గంటలకు ఈలలు మ్రోగగా జనులు గుడ్డలను విప్పి పారవైచిరి. జనవరిలో వ్యాధి మరల పెరిగెను. 17వ తేదీన మరల చట్టము చేసిరి. ఈ పర్యాయము ప్రజలు మొండికెత్తిరి. మాస్కు వ్యతిరేక సంఘ మొకటి పుట్టెను. దాని సభకు రెండువేల మంది వచ్చిరట. ఫిబ్రవరి 1న చట్టమును తీసివేసిరి. ఆ జనులు మూర్ఖులని మేము చెప్పజాలము. గుడ్డ కట్టని నగరములలో సయితము నవంబరు నాటికి వ్యాధి తగ్గినదని వారు వినియుండిరి.

ఆ రాష్ట్రపు ఆరోగ్యశాఖ కార్యదర్శి కెలాగ్ నిజాయితీపరుడు. మాస్కు పనిచేయునని మొదట నమ్మినవారిలో ఒకడు. చట్టము ముగిసిన పిమ్మట ఆయన ప్రయోగశాలలో క్రిములు గల తుంపరను గాజుగుడ్డ గుండా పంపి చూచి 1920లో ఫలితములను ప్రకటించెను. పొరలు పెంచినకొలది గుడ్డ క్రిములను హెచ్చుగా ఆపెను. కాని పొరలు పెరిగినకొలది ఊపిరి తీయుట కష్టమయ్యెను. కష్టమైన గాలి గుడ్డ గుండా పోక అంచుల సందులలో నుండి పోజొచ్చెను. ప్రజలచే నిర్బంధముగా కట్టించుటకు తగినంత ప్రయోజనము ఇందు కనబడలేదని ఆయన వ్రాసెను. తన పూర్వవిశ్వాసమునకు విరుద్ధమైన ఫలితమును దాచక ముద్రించిన అధికారులు అరుదు. నూరేండ్ల తరువాత చదివిన వారు ఆయన నివేదిక నుండి 'మాస్కు పనికిరాదు' అను మాటను మాత్రమే ఏరుకొనిరి. ఆయన చెప్పినది ఆ గుడ్డను గూర్చి, ఆ అంచులను గూర్చి.

గుడ్డ మారెను. దానిని గూర్చి కొంత చెప్పక తప్పదు, ఏలయనగా 2020లో చదువుకొన్నవారు సయితము 'వైరస్ గుడ్డ రంధ్రముకంటె చిన్నది గదా, దోమతెర ఇసుకను ఆపునా?' అని అడిగిరి. వినుటకు బాగుగనే యున్నది గాని మాస్కు జల్లెడ కాదు. నూలుపోగుల దట్టమైన అడవి వంటిది. పెద్ద తుంపర వేగముతో వచ్చి మలుపు తిరుగలేక పోగును కొట్టుకొని అంటుకొనును. మిక్కిలి చిన్న కణము గాలి అణువుల తాకిడికి త్రాగినవానివలె తూలుచు పోయి ఏదో ఒక పోగును తాకును. రెండింటికి నడిమిది, మిల్లీమీటరులో వేయవ వంతున మూడు పదవ వంతుల పరిమాణము గలది, అదియే తప్పించుకొనుటలో నేర్పరి. దానిని పట్టుటకు పోగులకు విద్యుదావేశము నిత్తురు. ఎండిన తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను లాగుకొనుట మన పిల్లలందరికి తెలిసిన ఆట. అదియే ఇచట పని. తైవానులో పుట్టి అమెరికాలో టెన్నెసీ విశ్వవిద్యాలయమున పనిచేసిన పీటర్ సై అను ఆచార్యుడు ఈ పద్ధతికి 1995లో పేటెంటు పొందెను. ఆ నడిమి కణములను నూటికి 95 వంతులు ఆపగలది గనుకనే ఎన్95 అను పేరు. వైరస్ ఒంటరిగా తిరుగదు. ఉమ్మి తుంపరలోను, అది యెండగా మిగిలిన రేణువులోను ఉండి ప్రయాణము చేయును. అయితే ఎంత మంచి మాస్కైనను చెంపకు అంటుకొనక సందు వదలినచో కెలాగ్ చూచిన దొంగదారి మరల తెరచుకొనును.

2020 మొదటి మాసములలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యవంతులకు మాస్కు అక్కరలేదని చెప్పెను. వైద్యులకు నర్సులకు అవి చాలకపోవుట ఈ సలహాకు ఒక కారణము. కొరతను కొరతగా చెప్పియుండిన జనులు అర్థము చేసికొనెడివారే. 'మీకు దానితో ప్రయోజనము లేదు, అది వైద్యులకు కావలెను' అను రెండు మాటలను ఒక్క గుక్కలో చెప్పుట వలన రెండింటిని నమ్మనివారు తయారైరి. ఏప్రిల్ 4న మన కేంద్రప్రభుత్వము ఇంట కుట్టిన గుడ్డ మాస్కులను వాడుడని సలహా యిచ్చెను. అదే మాసమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తలకు మూడు చొప్పున 16 కోట్ల మాస్కులను పంచుటకు ఆదేశించెను. మే మాసమున తెలంగాణ ప్రభుత్వము మాస్కు లేనివారికి వేయి రూపాయల జరిమానా విధించెను. జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మాట మార్చుకొనెను. మాటలాడునపుడే తుంపరలు హెచ్చుగా వెలువడును; మనవారు మాటలాడునపుడే మాస్కును గడ్డము క్రిందికి లాగుకొనిరి. రేడియో ఈ విషయమున నిరపాయము. మా మాట మాత్రమే మీ యింటికి వచ్చును, మా ఊపిరి రాదు.

ఇక రెండవ ప్రశ్న. ఊరికి చెప్పినచో ఊరిలో తగ్గునా? డెన్మార్కులో 2020 వసంతమున ఇంచుమించు ఆరువేలమందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మాస్కులిచ్చి కట్టుకొనుడనిరి. నెల తిరుగగా వారిలో నూటికి 1.8 మందికి, రెండవ జట్టులో 2.1 మందికి రోగము సోకెను. ఈ భేదము యాదృచ్ఛికము కావచ్చునని గణితవేత్తలు తేల్చిరి. మాస్కులిచ్చిన వారిలో చెప్పినట్లు కట్టుకొన్నామనినవారు సగమునకు లోపు. పైగా ఆ పరీక్ష కట్టుకొన్నవానికి కలిగిన రక్షణనే కొలిచెను. వానివలన ఎదుటివానికి కలిగిన రక్షణను కొలువలేదు. జైనసాధువు గుడ్డ సంగతి అందు లేదు.

బంగ్లాదేశ్‌లో 2020 నవంబరు నుండి 2021 ఏప్రిల్ వరకు 600 గ్రామములలో, మూడు లక్షల నలుబదివేల మందికి పైగా పెద్దవారిలో జరిగిన పరీక్ష దీనికంటె విలువైనదని మా అభిప్రాయము. అందు ఎవరికో ఒకరికి కాక ఊరికి ఊరికే మాస్కులు పంచిరి. మసీదులలో సంతలలో చెప్పించిరి. మాస్కు కట్టువారు నూటికి 13 నుండి 42కు పెరిగిరి. లక్షణములతో కూడి రక్తపరీక్షలో నిర్ధారణయైన రోగము ఆ గ్రామములలో ఇంచుమించు నూటికి 9 వంతులు తగ్గెను. శస్త్రవైద్యుల తరహా మాస్కు పంచిన గ్రామములలో కొంత హెచ్చు. అరువది దాటినవారిలో మూడవ వంతునకు పైగా తగ్గెను. గుడ్డ మాస్కు పంచిన చోట స్పష్టమైన మేలు కనబడలేదు. మన నూలు మాస్కుల సంగతి తలచినపుడు ఈ మాట కొంచెము నొప్పించును గాని నిజము నిజమే.

2023లో కోక్రేన్ సంస్థ ఇట్టి పరీక్షలన్నిటిని గూర్చి, సమాజమున మాస్కు ధరించుట వలన భేదము బహుశః స్వల్పమో శూన్యమో అని వ్రాసెను. పత్రికలు దీనిని 'మాస్కు పనిచేయదు' అని అనువదించుకొనిరి. ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలు మార్చిలో ప్రకటన చేసి, తాము చూచినది మాస్కును ప్రోత్సహించు పథకముల ఫలితమును మాత్రమేననియు, ఆ ఫలితము తేలలేదనియు చెప్పవలసివచ్చెను. కెలాగ్‌నకు జరిగినదే మరల జరిగెను.

మా మట్టుకు మేము ఈ రెండు లెక్కలను వేరువేరుగానే ఉంచుకొంటిమి. వీధిలో అందరి ముఖములకు వదులు గుడ్డ కట్టించు చట్టము వలన కలుగు మేలు స్వల్పము; ఆ స్వల్పమునకు జరిమానా వేయవలెనా అనునది వైద్యుడు ఒక్కడు తేల్చగలది కాదు. రోగికి చేరువనున్న మనిషి విషయము వేరు. ఇప్పుడు మా యింట ఎవరికైన జ్వరము, దగ్గు వచ్చినచో కిటికీలు తెరచి ఉంచుదుము. రోగియు, అన్నము పెట్టువారును చెంపలకు సందులేకుండ అంటుకొను మాస్కును ధరింతురు. ముక్కు మీది తీగను నొక్కి చూచుకొందురు. మా అత్తగారికి ఎనుబది దాటినది. ఆమె పడక ఆ నాలుగు దినములు వసారాలోనికి మారును. ఆమె ప్రతి పర్యాయము గొణుగును.